విమానంలో ఇసుక బస్తాలు ఎందుకు?
(తృతీయ బి.ఎస్సీ., ఎం.పి.సి. విద్యార్థి)

ఇంట్లో విమానం తయారుచేసుకోవడమేమిటి, అందులో ఇసుక బస్తాలు వేసుకొని ఎగరడమేమిటి అని మిత్రులు నవ్వవచ్చు. మొదట మా నాన్న కూడా నవ్వాడు. "విమానమన్నాక తేలిగ్గా ఉండాలి గదరా! బస్తాలు మోయడానికి మన ట్రాక్టరు చాలదా?" అన్నాడు. ఆయన మాటా నిజమే. బరువు తగ్గించడానికి గ్రాములు లెక్కపెట్టే చోట మూటలకొద్దీ ఇసుక తెచ్చి పెట్టడం వింతగానే ఉంటుంది. కాని ఆ ఇసుక వెనక మనం క్లాసులో చదువుకొన్న భౌతికశాస్త్రమే ఉన్నది. దాన్ని కట్టే తాడు మీద ఒక మనిషి ప్రాణం ఆధారపడి ఉన్నది. నేను ఇంతవరకు విమానం ఎక్కి ఎరుగను. అయితే బండి ఎక్కాను, బస్తాలు ఎత్తాను, తాడు కట్టకపోతే ఏమవుతుందో కళ్ళారా చూశాను. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకోవడం పెద్ద వ్యాపకం. 1953లో మిల్వాకీ నగరంలో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మొదలుపెట్టిన ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ వీళ్ళందరికీ పెద్ద దిక్కు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్‌లో ఆ సంఘం జరిపే వేసవి సంబరానికి దేశం నలుమూలల నుంచి వేలాది చిన్న విమానాలు వచ్చి వాలుతాయి. రేకులు, కమ్మీలు, నట్లు, బోల్టులు కిట్టుగా కొని తెచ్చుకొని కారు షెడ్డులోనే ఏళ్ళ తరబడి బిగించుకొనేవాళ్ళు ఎందరో. పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేసి ఉండాలని అక్కడి నిబంధన.

తయారైన విమానాన్ని వెంటనే భార్యాబిడ్డల్ని ఎక్కించుకొని తిప్పడానికి వీల్లేదు. మొదట సాధారణంగా 25 నుంచి 40 గంటల వరకు పరీక్షగా ఎగరాలి. ఆ గంటల్లో ప్రయాణికులు ఉండరాదు. ఇక్కడే చిక్కు వస్తుంది. విమానానికి రెండు సీట్లున్నాయి. రేపు రెండో సీట్లో మనిషి కూర్చుంటే అది ఎలా ఎగురుతుందో, ఎంత నెమ్మదించినప్పుడు పట్టు తప్పుతుందో ఈ రోజే తేల్చుకోవాలి. మనిషిని ఎక్కించకుండా మనిషి బరువును ఎక్కించాలి. త్రాసు తట్టలో పాసంగం పెట్టినట్లు ఆ సీట్లో ఇసుకో, నీళ్ళో, సీసమో పెడతారు. ఈ బరువునే బ్యాలస్ట్ అంటారు. మన ట్రాక్టరు ముందు తగిలించే ఇనుప దిమ్మెలు, వెనక టైర్లలో పట్టే నీళ్ళు కూడా ఈ జాతివే.

ఇది కొత్త ఉపాయమేమీ కాదు. 1903 డిసెంబరు 17న తొలిసారి ఎగిరిన రైట్ సోదరులు సైకిళ్ళ షాపు నడిపినవాళ్ళు. ఒక రకంగా వాళ్ళూ సొంత విమానం కట్టుకొన్నవాళ్ళే. మరుసటి ఏడు డేటన్ దగ్గర హఫ్‌మన్ ప్రెయిరీ అనే పచ్చిక బీడులో ఎగురుతుంటే వాళ్ళ విమానం ముక్కు పైకీ కిందికీ ఊగిసలాడేది. చివరికి ముందు భాగాన 70 పౌన్ల దాకా ఇనుప బరువు కట్టి దాన్ని కొంత దారికి తెచ్చుకొన్నారు.

ముందు బరువుంటే నిలకడ ఎందుకు వస్తుంది? బాణాన్ని చూడండి. ములికి వైపు బరువు, ఈకల వైపు తేలిక; అందుకే అది తిన్నగా పోతుంది. తిరగేసి విసిరితే తలకిందులవుతుంది. విమానపు గరిమనాభి కూడా కొంత ముందుకు ఉంటేనే, గాలి తాకిడికి ముక్కు లేచినా దానంతట అదే సర్దుకొంటుంది. గరిమనాభి వెనక్కి జరిగేకొద్దీ ఆ సర్దుబాటు గుణం పోతుంది. ఒక హద్దు దాటితే ముక్కు లేస్తూనే పోతుంది, పైలట్ కర్రను ఎంత ముందుకు నెట్టినా దిగకపోవచ్చు. సుడి తిరగడం మొదలుపెట్టిన విమానం అందులోంచి బయటపడకపోవడం కూడా చాలాసార్లు ఈ వెనక బరువు వల్లనే.

ఒక లెక్క వేద్దాం. అంకెలు నేను ఊహించినవి, పద్ధతి మాత్రం అసలైనదే. ముందు సీట్లో పైలట్, ట్యాంకులో పెట్రోలుతో సహా విమానం బరువు 500 కిలోలు, గరిమనాభి ముక్కు నుంచి 2 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అనుమతించిన హద్దులు 1.95 నుంచి 2.15 మీటర్లు. ముక్కు నుంచి 3 మీటర్ల దూరాన ఉన్న వెనక సీట్లో 80 కిలోల ఇసుక పెట్టాం. భ్రామకాలు కూడితే 1000, 240 మొత్తం 1240. దాన్ని 580తో భాగిస్తే 2.138 మీటర్లు. హద్దుకు ఒక్క సెంటీమీటరు లోపల ఉన్నాం. పరీక్షకు కావలసింది కూడా ఇదే, కష్టమైన స్థితిలో విమానం ఎలా ఉంటుందో చూడటం. ఇప్పుడు ఆ ఇసుక 60 సెంటీమీటర్లు వెనక్కి జారిందనుకోండి. 80ని 0.6తో గుణించి 580తో భాగిస్తే 8.3 సెంటీమీటర్లు. గరిమనాభి 2.221 మీటర్లకు పోయింది. అంటే హద్దు దాటి 7 సెంటీమీటర్లు అవతల పడ్డాం. జారింది మూరెడు దూరం కన్నా కాస్త ఎక్కువ, అంతే!

"80 కిలోల బస్తా దానంతట అది ఎందుకు జారుతుందండీ? దాని బరువే దాన్ని పట్టుకొని ఉంటుంది గదా!" అని ఎవరైనా అడగవచ్చు. ఈ ఒక్క మాటలోనే ప్రమాదమంతా దాగి ఉన్నది. నేనూ ఒకప్పుడు ఈ మాటే అన్నాను.

నాకు పదకొండేళ్ళప్పటి సంగతి. కుప్ప నూర్చి పది ధాన్యం బస్తాలు బండి మీద వేశాం. నాన్న మోకు తెమ్మన్నాడు. అది ఇంటి దగ్గర ఉండిపోయింది. "దగ్గరే గదా నాన్నా, బస్తాలు ఎక్కడికి పోతాయి, బరువుకే ఉంటాయి" అన్నాను, ఇంటికి పోయి రావడానికి బద్ధకించి. పొద్దు పోతోందని నాన్న కూడా సరేనన్నాడు. చదునుగా ఉన్న పుంత దారిలో బస్తా అంగుళం కూడా కదల్లేదు. కాలువ గట్టు ఎక్కేటప్పుడు చక్రం ఒక గుంటలో పడి లేచింది. ఆ ఎగుడులో బస్తాలు ఒక్క క్షణం తేలికపడ్డాయి. ఆ క్షణంలోనే వెనక వరస జారింది, దాంతో బండి వెనక్కి ఒరిగింది, ఒరిగేసరికి మిగతావీ జారాయి. కాడి పైకి లేచి, మెడ కింది పలుపులు బిగిసి, ఎడమ ఎద్దు ముందు కాళ్ళు నేల వదిలింది. నాన్న ఎగిరి నొగల మీద పడి వేలాడబట్టి అది బ్రతికింది. నెల రోజులు దాని మెడ మీద కాడి పెట్టలేదు. దాళ్వా దుక్కి అద్దె ట్రాక్టరుతో దున్నించాం. ఆ కిరాయి అప్పు ఎంతైందో నాన్న నాకెన్నడూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

ఆనాడు నాకు తెలియనిది రెండేళ్ళ కిందట ఘర్షణ పాఠం చదివినప్పుడు తెలిసింది. బస్తాను ఆపేది దాని బరువు కాదు; నేల దాన్ని పైకి నెట్టే అభిలంబ ప్రతిచర్య వల్ల పుట్టే ఘర్షణ. ఆ ప్రతిచర్య తగ్గితే ఘర్షణ తగ్గుతుంది. నేల మీద అది ఎప్పుడో గాని తగ్గదు; గాలిలో మాటిమాటికీ తగ్గుతుంది.

మళ్ళీ మన 80 కిలోల దగ్గరకు వద్దాం. విమానం 15 డిగ్రీల వాలులో పైకి పోతున్నది. బస్తాను వెనక్కి లాగే బలం 80ని సైన్ 15 డిగ్రీలతో గుణిస్తే సుమారు 21 కిలోలు. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే పట్టి ఉంచే బలం 31 కిలోలు. కాబట్టి జారదు. నేల మీద తోక కిందికి దించి చూసినా జారదు. కట్టినవాడు నిశ్చింతగా ఉంటాడు. ఇంతలో కిందికి వీచే గాలి ఒకటి తగిలి రెక్కల మీది ఎత్తుడు బలం సగానికి పడిపోయింది. లోపలి ప్రతి వస్తువు తూకమూ సగమైనట్లే. ఘర్షణ 16 కిలోలకు దిగిపోయింది. ఇంజను లాగుడు మాత్రం తగ్గలేదు గనుక వెనక్కి లాగే 21 కిలోలు అలాగే ఉన్నాయి. బస్తా కదిలింది! అది కదలడంతో ముక్కు ఇంకా లేస్తుంది, వాలు పెరుగుతుంది, మరింత జారుతుంది. కాలువ గట్టు కథే, కాకపోతే ఇక్కడ నొగల మీద వేలాడటానికి ఎవరూ ఉండరు.

పరీక్షలో భాగంగా విమానాన్ని కావాలని నెమ్మదింపజేసి పట్టు తప్పిస్తారు. దాన్నే స్టాల్ అంటారు. ఆ వెంటనే ముక్కు కిందికి వాలేటప్పుడు లోపలి వస్తువుల తూకం దాదాపు సున్నా కావచ్చు. అప్పుడు ఘర్షణ అన్న మాటే లేదు, బస్తా తేలుతుంది. తేలిన బస్తా తిరిగి తన చోటనే దిగుతుందని హామీ ఏమిటి? ఒకరి వెనక ఒకరు కూర్చునే విమానాల్లో వెనక సీటు దగ్గర కూడా కంట్రోల్ కర్ర ఉంటుంది. దాని మీద పడితే ముందున్న పైలట్ చేతిలోని కర్ర కూడా కదలదు. అందుకే బ్యాలస్ట్ వేసేటప్పుడు వెనక కర్రను ఊడదీయడం తెలివైన పని. ఊడదీసిన చోట తీగలు, కడ్డీలు బయటపడి ఉంటే వాటిని రేకుతోనో చెక్కతోనో మూసెయ్యాలి.

కదిలిన బరువు ఏం చేయగలదో 2013 ఏప్రిల్ 29న ప్రపంచమంతా చూసింది. ఆఫ్ఘనిస్తాన్‌లోని బాగ్రామ్ నుంచి నేషనల్ ఎయిర్‌లైన్స్ వారి బోయింగ్ 747 సరుకు విమానం ఐదు సైనిక వాహనాలతో లేచింది. ఒక్కొక్కటి 12 నుంచి 18 టన్నులు. పట్టీలతో కట్టే ఉన్నాయి, కాని ఆ బరువుకు తగినట్లు కట్టలేదు. లేచిన కొద్ది క్షణాల్లోనే కనీసం ఒక వాహనం వెనక్కి దూసుకుపోయి తోక వైపు గోడను పగులగొట్టింది. ముక్కు నిటారుగా లేచి విమానం కూలిపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. దర్యాప్తులో తేలిన ముఖ్య విషయం ఏమిటంటే, అది గరిమనాభి జరిగినందువల్ల మాత్రమే కూలలేదు. వెనక్కి వెళ్ళిన వాహనం హైడ్రాలిక్ గొట్టాలను, తోక రెక్కను తిప్పే యంత్రాన్ని విరగ్గొట్టింది. త్రాసు చెడింది, దాన్ని సరిచేసే చెయ్యి కూడా విరిగింది. అంత పెద్ద విమానానికీ, షెడ్డులో కట్టుకొన్న చిన్నదానికీ ఈ విషయంలో తేడా లేదు.

ఇక కట్టడం సంగతి. ఈ లెక్కలన్నీ చెబితే మా నాన్న ఒక్కటే ప్రశ్న వేశాడు: "దేనికి కడతారురా?" నాకు వెంటనే జవాబు తోచలేదు. "బస్తాకు బస్తా కట్టుకుంటే ఏం లాభం? రెండూ కలిసే జారతాయి. బండికి కట్టాలి" అన్నాడు. తరువాత చదివిచూస్తే అసలు సూత్రం అదే. విమానంలో ప్రతి రేకూ బలమైనది కాదు. సీటు అడుగు, సామాను అర పలుచని అల్యూమినియం. సీటు బెల్టులు తగిలించిన కొక్కేలు మాత్రం ముఖ్యమైన చట్రానికి బిగించి ఉంటాయి. తాడో పట్టీయో అక్కడికే పోవాలి.

అలాగని బస్తా మీదుగా సీటు బెల్టు వేసి ఊరుకుంటే చాలదు. బెల్టు మనిషి నడుముకు, భుజాలకు సరిపోయేట్లు చేసినది. ఇసుక మూటకు నడుమూ లేదు, భుజమూ లేదు. ఇంజను అదురుకు ఇసుక కిందికి దిగుతుంది, మూట పైభాగం వదులవుతుంది, అరగంటకల్లా బెల్టు కింద చెయ్యి దూరేంత సందు వస్తుంది. ధాన్యం బస్తా కుదించుకుపోవడం మనకు తెలియనిదా? కాబట్టి మందపాటి ప్లైవుడ్డుతో సీటుకు సరిపడా పెట్టె చేసి, చిన్న చిన్న మూటలను అందులో సందు లేకుండా కూరి, మూత బిగించి, ఆ పెట్టెను కొక్కేలకు కట్టడం మేలు. పెట్టె అడుగు వెడల్పుగా ఉంటే బరువు రేకంతటా పరుచుకుంటుంది. ఇది కూడా ముఖ్యమే. ఎందుకంటే 3.8 రెట్ల గురుత్వంతో మలుపు తిరిగితే 80 కిలోల మూట 304 కిలోలై సీటును అదుముతుంది.

కట్టేవాడు నాలుగు దిక్కులూ తలచుకోవాలి. వెనక్కి జారడం, పైకి లేవడం, పక్కకు ఒరగడం చెప్పుకున్నాం. నాలుగోది ముందుకు దూకడం. పొలంలో బలవంతాన దిగవలసి వస్తే విమానం ఒక్కసారిగా ఆగుతుంది, బస్తా ఆగదు. దాని ముందు ఉన్నది పైలట్ వీపు. కంపెనీలు చేసే చిన్న విమానాలకు అమెరికా నిబంధనలు చాలాకాలం పెట్టిన కొలత ఏమంటే, అలాంటప్పుడు మనిషిని ముందువైపు 9 రెట్ల గురుత్వానికి ఆపాలి, ఊడిపడి మనిషిని గాయపరచగల వస్తువును 18 రెట్లకు ఆపాలి. మన మూటకు లెక్కవేస్తే 1440 కిలోలు. సొంత విమానాలకు ఈ నియమం వర్తించదు. వీపు మాత్రం ఎవరిదైనా వీపే గదా! పైలట్ బయటికి దూకే దారికి పెట్టె అడ్డం రాకుండా కూడా చూసుకోవాలి.

ఏ పదార్థం వాడాలన్నది తరువాతి మాట. ఇసుక చవక, కాని తేమ పీల్చి బరువు మారుతుంది, ప్రతిసారీ తూచాలి. సంచి చిరిగితే రేణువులు కప్పీల్లో, బేరింగుల్లో చేరతాయి. కనుక లోపల ప్లాస్టిక్ సంచి, పైన గట్టి క్యాన్వాసు సంచి ఉండాలి. నీళ్ళకు లీటరుకు కిలో లెక్క సులువు, దిగాక పారబోసి తేలిగ్గా ఇంటికి పోవచ్చు. అయితే డబ్బా మూతి దాకా నింపాలి. సగం నింపిన బిందె నెత్తిన పెట్టుకొని నడిచిన ఆడవాళ్ళకు ఎందుకో చెప్పనక్కరలేదు. పెద్ద కంపెనీలు ప్రయాణికుల విమానాలను పరీక్షించేటప్పుడు సీట్ల చోట నీళ్ళ పీపాలు బిగించి, గొట్టాలతో ఒక పీపా నుంచి మరో పీపాకు తోడి గరిమనాభిని గాలిలోనే మారుస్తారు. అమెరికాలో కొందరు ఉప్పు సంచులు కూడా వాడతారట. అల్యూమినియానికి ఉప్పు పడదు, నాకైతే ఆ పని నచ్చలేదు. తుపాకీ సీసపు గుళ్ళు 25 పౌన్ల చిన్న సంచుల్లో దొరుకుతాయి, చోటు తక్కువ పడుతుంది. కాని అంత బరువూ ఒక్కచోటే పడుతుంది గనుక అడుగున పలక తప్పనిసరి.

కొన్ని విమానాలకు శాశ్వతంగానే కొంత బరువు అవసరమవుతుంది. ముక్కు బరువైతే తోకలో సీసపు పలక పెడతారు. అక్కడ కొంచెమే చాలు. తోక చివర, ముక్కు నుంచి 6 మీటర్ల దూరాన 5 కిలోలు పెడితే మన విమానపు గరిమనాభి 3 సెంటీమీటర్లకు పైగా వెనక్కి పోతుంది. అంత చిన్న పలక ఊడినా అంత తేడా వస్తుంది. దీన్ని తాడుతో, టేపుతో అతికించరాదు. బోల్టు వేసి, నట్టు వదులు కాకుండా తీగతో బంధించి, 'ఇది తీయరాదు' అని ఎర్ర రంగుతో వ్రాసిపెట్టాలి. పదేళ్ళ తరువాత విమానం కొన్నవాడు పనికిరాని ఇనుమనుకొని తీసెయ్యకుండా!

మొదటి ఎగురుడుకు మాత్రం ఏ మూటా వద్దు. పైలట్ ఒక్కడే, గరిమనాభి హద్దుల నడుమ ఉండేట్లు చూసుకొని ఎగరాలి. విమానం గుణం తెలిశాక ఒక్కో మూట కలుపుకొంటూ పోవాలి. ప్రతిసారీ తూచి, లెక్క కాగితం మీద వేసి, కట్లు రెండో మనిషి చేత లాగించి చూడాలి. తాను కట్టిన ముడి తనకు ఎప్పుడూ గట్టిగానే కనిపిస్తుంది.

దిగిన తరువాత కూడా ఒక జాగ్రత్త ఉన్నది. ముక్కు చక్రం ఉన్న విమానంలో వెనక బరువు ఎక్కువగా ఉన్నప్పుడు, ముందు కూర్చున్న పైలట్ ముందుగా దిగితే విమానం తోక మీద కూలబడుతుంది. ఎద్దుల్ని విప్పేసిన బండి వెనక బస్తాలతో ఎగిసిపడ్డట్టే. బండికైతే వెనక కర్ర పోటు పెడతాం. వాళ్ళు కూడా అంతే: తోక కింద ఒక స్టాండు పెట్టి, వెనక మూటలన్నీ దింపి, ఎక్కించినన్ని దిగాయా లేదా ఎంచుకొని, ఆ తరువాతే పైలట్ దిగుతాడు.